కెమెరా ఒక కంపెనీది, రికార్డర్ ఇంకో కంపెనీది: బొమ్మ రాకపోతే ఎక్కడ వెతకాలి

తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మాది మేడ ఇల్లు. కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు. నాన్న ఉన్నప్పుడే నాలుగు కెమెరాలతో ఒక డీవీఆర్ (పాత పద్ధతి కేబుల్ కెమెరాల బొమ్మ రికార్డ్ చేసే పెట్టె) పెట్టించారు. తర్వాత అమ్మ పగలంతా ఒంటరిగా ఉంటుందని హాల్లో వైఫై కెమెరా ఒకటి, బండ్లు నిలిపే చోట నెట్‌వర్క్ మీదుగా బొమ్మ పంపే ఐపీ కెమెరాలు రెండు, వాటికోసం ఒక ఎన్‌వీఆర్ (ఐపీ కెమెరాల రికార్డర్) చేరాయి. అన్నీ వేర్వేరు కంపెనీలవి, ఫోన్లో మూడు యాప్‌లు. గేటు చప్పుడైతే ఏ యాప్ తెరవాలో తెలియక అమ్మ ఫోన్ పట్టుకుని నిలబడిపోయేది.

ఒక టెక్నీషియన్‌ను పిలిచి చూపిస్తే "వేరే కంపెనీవి కలవవన్నా, మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. కలుస్తాయి. బొమ్మ వరకు బాగానే కలుస్తాయి, మనిషిని గుర్తుపట్టి ఫోన్‌కు చెప్పే తెలివి మాత్రం పూర్తిగా కలవదు. ఈ తేడా ముందే తెలిసి ఉంటే నాకు చాలా ఆదివారాలు మిగిలేవి. అందుకే మా ఇంట్లో ఎదురైనవీ, చుట్టుపక్కల ఇళ్లలో నేను చూసి సరిచేసినవీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు కెమెరాను విడిగా చూడండి

ఏ సమస్యకైనా మొదటి పని ఇదే. ఐపీ కెమెరా అయితే ల్యాప్‌టాప్‌ను అదే రూటర్‌కు కలిపి, వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆ కెమెరా ఆర్‌టీఎస్‌పీ అడ్రస్ (బొమ్మను నేరుగా తెచ్చే లింకు) ఇవ్వండి. ఆ అడ్రస్ కంపెనీకో రకంగా ఉంటుంది, మోడల్ మాన్యువల్‌లో దొరుకుతుంది. అందులో పోర్టు నంబరు మామూలుగా 554. అక్కడ బొమ్మ వస్తే కెమెరా, కేబుల్, కరెంటు మూడూ బాగున్నట్టే. ఇక తప్పు రికార్డర్‌కూ దానికీ మధ్యలో ఉంది. పాత పద్ధతి కేబుల్ కెమెరా అయితే దింపి, డీవీఆర్ పక్కనే రెండు మీటర్ల కేబుల్‌తో పెట్టి చూడండి. ఈ పరీక్ష చేయకుండా సెట్టింగులు మారిస్తే అసలు తప్పుకు మన తప్పులు కూడా తోడవుతాయి.

డీవీఆర్‌లో కొత్త కెమెరా పెడితే నల్లటి తెర, లేదా రంగు లేని బొమ్మ

గుండ్రటి బీఎన్‌సీ పిన్ను సరిగ్గా కూర్చుంది కదా, బొమ్మ ఎందుకు రాదు అనుకుంటాం. పిన్ను ఒకటే అయినా లోపల నడిచే సిగ్నల్ వేరు. హిక్‌విజన్ వాళ్లు వాడేది హెచ్‌డీ-టీవీఐ, దాహువా వాళ్లది హెచ్‌డీ-సీవీఐ, ఈ రెండూ కాక ఏహెచ్‌డీ, వీటన్నిటికంటే పాతది సీవీబీఎస్. పాత డీవీఆర్‌లు చాలావరకు తమ రకాన్నే చదువుతాయి.

ఇప్పుడొచ్చే కెమెరాల్లో చాలా వాటికి కేబుల్ మీద చిన్న జాయ్‌స్టిక్ లాంటి బటన్ ఉంటుంది. దాన్ని ఒక పక్కకు ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే సిగ్నల్ రకం మారుతుంది. ఏ పక్కకు నొక్కితే ఏ రకమో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి డబ్బా మీద చూడండి. టీవీ ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టి చేయండి, లేకపోతే నిచ్చెన పదిసార్లు ఎక్కి దిగాలి. రకం సరిపోయినా బొమ్మ రాకపోతే కెమెరా రిజల్యూషన్ చూడండి. 1080పీ వరకే చదివే డీవీఆర్‌కు 5 మెగాపిక్సెల్ కెమెరా తగిలిస్తే తెర నల్లగానే ఉంటుంది. కెమెరా మెనూలో 1080పీకి దించండి.

కొత్తగా కొనేవాళ్లు ఈ నాలుగు రకాలతో పాటు ఐపీ కెమెరానూ తీసుకునే "ఐదు రకాల" ఎక్స్‌వీఆర్ కొనుక్కోండి. కెమెరాలు ఒక్కొక్కటిగా మార్చుకునే ఇంటికి అదే సరిపోతుంది.

ఎన్‌వీఆర్‌లో వెతికితే కెమెరా పేరే రావడం లేదు

దీనికి ఎక్కువసార్లు కారణం ఐపీ అడ్రస్. చాలా దాహువా కెమెరాలు ఫ్యాక్టరీ నుంచి 192.168.1.108తో, హిక్‌విజన్‌వి 192.168.1.64తో వస్తాయి. ఇంటి రూటర్లలో కొన్ని 192.168.1తో, కొన్ని 192.168.0తో, ఇంకొన్ని 192.168.29తో మొదలయ్యే అడ్రస్‌లు పంచుతాయి. చుక్కల మధ్య ఉండే మూడో సంఖ్య కలవకపోతే కెమెరాదీ రికార్డర్‌దీ వేర్వేరు వీధులు. ల్యాప్‌టాప్‌కు తాత్కాలికంగా కెమెరా వీధి అడ్రస్ ఇచ్చి, బ్రౌజర్‌లో కెమెరా పేజీ తెరిచి, దాని అడ్రస్‌ను ఇంటి రూటర్‌కు తగ్గట్టు మార్చాలి.

మా ఇంట్లో నెట్ కనెక్షన్ మార్చిన సాయంత్రమే ఐపీ కెమెరాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. రికార్డర్ పాడైందని రాత్రంతా టెన్షన్ పడ్డాను. కారణం కొత్త రూటర్ కొత్త వీధి. కెమెరాలన్నీ తిరిగి సరిచేసే బదులు రూటర్ లోపలి అడ్రస్‌ను పాతదానిలాగే మార్చాను, ఐదు నిమిషాల్లో అన్నీ వచ్చేశాయి.

ఒకే కంపెనీ కెమెరాలు రెండు కొత్తవి ఒకేసారి తగిలిస్తే రెండింటికీ ఒకే అడ్రస్ ఉండి, బొమ్మ ఒకసారి వస్తూ ఒకసారి పోతూ ఉంటుంది. ఒక్కొక్కటిగా తగిలించి అడ్రస్ మార్చండి.

ఎన్‌వీఆర్ వెనకే పీఓఈ పోర్టులు (నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపేవి) ఉంటే ఇంకో చిక్కు. ఆ పోర్టులకు రికార్డర్ లోపల విడిగా ఒక నెట్‌వర్క్ నడుపుతుంది. సొంత కంపెనీ కెమెరా అయితే అడ్రస్ తానే ఇచ్చి కలిపేసుకుంటుంది. బయటి కంపెనీ కెమెరా తన పాత అడ్రస్‌తోనే కూర్చుంటే ఎప్పటికీ కనిపించదు. అలాంటి కెమెరాను ముందు ల్యాప్‌టాప్‌లో డీహెచ్‌సీపీకి (అడ్రస్‌ను నెట్‌వర్క్ నుంచి తానే తీసుకునే పద్ధతికి) మార్చి అప్పుడు తగిలించండి. నన్నడిగితే బయటి కెమెరాలకు విడిగా పీఓఈ స్విచ్ పెట్టి, ఇంటి నెట్‌వర్క్ మీదుగా కలుపుకోవడమే మేలు. ఏది ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

కెమెరా దొరికింది, కానీ పాస్‌వర్డ్ తప్పంటోంది

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

వేర్వేరు కంపెనీల కెమెరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి ఆన్‌విఫ్ అనే ఉమ్మడి పద్ధతిని మొదలుపెట్టాయి. రికార్డర్‌లో కెమెరాను చేర్చేటప్పుడు ప్రొటోకాల్ దగ్గర సొంత కంపెనీ పేరు కాకుండా ఆన్‌విఫ్ ఎంచుకోవాలి. ఇది తెలిసినవాళ్లు కూడా ఆగిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి.

కొత్త హిక్‌విజన్ కెమెరాల్లో ఆన్‌విఫ్ మొదట ఆపేసి ఉంటుంది. కెమెరా పేజీలో దాన్ని ఆన్ చేయడమే కాదు, ఆన్‌విఫ్‌కు విడిగా ఒక యూజర్‌ను కూడా సృష్టించాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా కొట్టినా అక్కడ పనిచేయదు. టీపీ-లింక్ వాళ్ల టాపో వైఫై కెమెరాల్లోనూ అంతే, యాప్ లాగిన్ వేరు, సెట్టింగుల్లో పెట్టుకునే కెమెరా అకౌంట్ వేరు. రికార్డర్‌కు ఇవ్వాల్సింది రెండోది, ఆన్‌విఫ్ పోర్టు 2020. బ్యాటరీతో నడిచే వైఫై కెమెరాలకు చాలావరకు ఈ దారి లేదు, వాటిని రికార్డర్‌కు కలపాలన్న ఆలోచన మానుకోండి.

ఇక గడియారం. ఆన్‌విఫ్ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు పంపదు, అప్పటి సమయాన్ని కూడా కలిపి గుప్తంగా మార్చి పంపుతుంది. కెమెరా గడియారం, రికార్డర్ గడియారం బాగా తేడాగా ఉంటే సరైన పాస్‌వర్డ్ కూడా తప్పైపోతుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక మా కెమెరా ఒకటి పాస్‌వర్డ్ తప్పని మొండికేసింది. పాస్‌వర్డ్ నాలుగుసార్లు మార్చాను. చివరికి వీఎల్‌సీలో చూస్తే బొమ్మ మూలలో తేదీ 2000 జనవరి 1 అని ఉంది. తేదీ సరిచేసి, టైమ్ జోన్ 5.30 పెట్టగానే కలిసింది. కెమెరాకు, రికార్డర్‌కు రెండింటికీ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకునే ఏర్పాటు) ఆన్ చేసి ఒకే టైమ్ సర్వర్ ఇవ్వండి.

తప్పు పాస్‌వర్డ్‌తో రికార్డర్ పదేపదే తలుపు తడుతూ ఉంటే కెమెరా తాళం వేసుకుంటుంది. పాస్‌వర్డ్ సరిచేసినా తెరవదు. రికార్డర్‌లోంచి ఆ కెమెరాను తీసేసి, ఒక అరగంట వదిలేసి, మళ్లీ చేర్చండి.

అన్ని కెమెరాలూ కలిపి చూస్తే బొమ్మ ఉంది, ఒకటి పెద్దది చేస్తే నల్లగా ఉంది

కెమెరా రెండు ధారల్లో బొమ్మ పంపుతుంది. చిన్న గడుల్లో కనిపించేది సబ్ స్ట్రీమ్, పెద్దది చేస్తే వచ్చేది మెయిన్ స్ట్రీమ్. బొమ్మను కుదించి పంపే పద్ధతిని కోడెక్ అంటారు. మెయిన్ హెచ్.265 ప్లస్‌లో గానీ, స్మార్ట్ కోడెక్‌లో గానీ ఉంటే బయటి రికార్డర్ తడబడుతుంది. ఆ ప్లస్, స్మార్ట్ అన్నవి కంపెనీల సొంత ఏర్పాట్లు. కెమెరా పేజీలో వాటిని ఆపి, మామూలు హెచ్.265 పెట్టండి. రికార్డర్ పాతదైతే హెచ్.264.

అయితే దీనివల్ల హార్డ్ డిస్క్ త్వరగా నిండుతుంది. సెకనుకు 4 మెగాబిట్లు పంపే కెమెరా రోజుకు దాదాపు 43 జీబీ రాస్తుంది. అలాంటివి నాలుగు ఉంటే 1 టీబీ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. 2 మెగాబిట్లకు దించితే పదకొండు రోజులు దాటుతుంది. బ్రహ్మోత్సవాలప్పుడు ఇంటినిండా చుట్టాలుండి రికార్డింగ్ వంక పది రోజులు చూడని ఇళ్లలో ఈ లెక్క ముందే వేసుకోవాలి.

బొమ్మ బాగుంది, కానీ రికార్డ్ కావడం లేదు, ఫోన్‌కు అలర్ట్ రావడం లేదు

మొదట్లో నేనన్న తెలివి ఇదే. మనిషినీ బండినీ కుక్కనీ వేరుచేసి చెప్పడం, గీత దాటితే అరవడం, ఇవి ఎక్కువగా కంపెనీ సొంత భాషలో నడుస్తాయి. ఆన్‌విఫ్ మీదుగా మామూలు కదలిక మాత్రమే దాటి వస్తే అదే ఎక్కువ, కొన్ని జతల్లో అదీ రాదు. రికార్డర్‌ను కదలికకే రికార్డ్ చేసేలా పెడితే డిస్క్ ఖాళీగా ఉండిపోతుంది. అవసరమైన రోజు చూసుకుంటే ఏమీ ఉండదు. మా పక్కింటి అక్కవాళ్ల స్కూటీ పోయినప్పుడు జరిగింది ఇదే. కెమెరా సరిగ్గా స్కూటీ వైపే చూస్తోంది, రికార్డింగే లేదు.

బయటి కంపెనీ కెమెరాలన్నిటికీ 24 గంటల రికార్డింగ్ పెట్టండి. అలర్ట్ తప్పనిసరి అయిన కెమెరాలో మెమరీ కార్డు వేసి, దాని సొంత యాప్‌లోనే అలర్ట్ ఉంచండి. కొత్తగా ఒక్క కెమెరాకే డబ్బులుంటే రికార్డర్ కంపెనీదే తెచ్చి గేటుకు పెట్టండి, మిగతా చోట్ల ఏదైనా ఫరవాలేదు.

పగలు బాగుంటుంది, రాత్రి ఆగి ఆగి వస్తుంది

కంపెనీలు కలపడం వల్ల కాదు. చీకటి పడగానే చీకట్లో చూడటానికి ఉండే ఐఆర్ లైట్లు వెలిగి కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. బొమ్మనూ కరెంటునూ కలిపి తెచ్చే సన్నటి 3+1 కేబుల్ పొడవు ఎక్కువైతే 12 వోల్టులు కెమెరా దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోతాయి. రాత్రిపూట కెమెరా చివర మల్టీమీటర్‌తో కొలవండి. బాగా తగ్గి ఉంటే దగ్గర్లో వేరే అడాప్టర్ పెట్టండి. పీఓఈ అయితే స్విచ్ మీద 802.3ఏఎఫ్ (పీఓఈ ప్రమాణం పేరు) అని ఉందో లేదో చూడండి. అలాంటి పోర్టు 15.4 వాట్ల వరకు ఇస్తుంది. 24 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్‌ను (నెట్ కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టెను) ఏ కెమెరాకు పడితే ఆ కెమెరాకు తగిలించవద్దు, కాలిపోవచ్చు.

మాట వినిపించడం లేదు

కెమెరా పేజీలో ఆడియో రకాన్ని ఏఏసీ నుంచి జీ.711కి మార్చండి. చాలావరకు అంతే. అద్దెవాళ్ల గుమ్మం వైపున్న కెమెరాలో మాత్రం మైకు ఆపే ఉంచండి.

బయటి ఊరి నుంచి చూడాలంటే

రూటర్‌లో 80, 554, 8000, 37777 పోర్టులు తెరిచేస్తే పనైపోతుందని కొందరు చెబుతారు. వద్దు. ఆ తలుపు మనతో పాటు ప్రపంచమంతటికీ తెరుచుకుంటుంది. రికార్డర్ కంపెనీ యాప్‌లో రికార్డర్‌ను చేర్చండి. దానికి కలిసిన బయటి కంపెనీ కెమెరాలు కూడా ఆ ఒక్క యాప్‌లోనే కనిపిస్తాయి. ఇప్పుడు అమ్మ ఫోన్లో యాప్ ఒక్కటే ఉంది, గేటు మొదటి గడిలో ఉంటుంది. ప్రతి కెమెరా ఐపీ, ఆన్‌విఫ్ యూజర్, పోర్టు, కోడెక్ ఒక కాగితం మీద రాసి రికార్డర్ పెట్టె తలుపు లోపల అంటించాను, పాస్‌వర్డ్‌లు మాత్రం బీరువాలో ఉన్నాయి.