విదేశీ హెడ్డాఫీసు, హైదరాబాద్ టీమ్: మంచివాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారు, ఎలా ఆపాలి

గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు అమెరికా, బ్రిటన్ కంపెనీల గ్లోబల్ సెంటర్లలో టీములు నడిపే మేనేజర్ల కోసం, హెచ్‌ఆర్ వాళ్ల కోసం ఈ వివరాలు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ఎవరిని అడిగినా "బెటర్ ఆఫర్ వచ్చింది" అనే అంటారు. ఆ మాట నిజమే అయినా దానివల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. ఆఫర్ రావాలంటే ముందు రెజ్యూమె అప్‌డేట్ చేసి ఉండాలి. అది ఏ నెలలో, దేనివల్ల మొదలైందో తెలిస్తేనే మందు దొరుకుతుంది.

అందుకని జీతాలు పెంచాలని హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టేముందు ఒక షీటు తయారు చేయండి. గత 18 నెలల్లో వెళ్లిపోయిన ఒక్కొక్కరికి ఒక్కో వరుస: చేరిన తేదీ, రిజైన్ చేసిన తేదీ, మేనేజర్ ఏ ఊళ్లో ఉంటారు, చివరి ప్రమోషన్ ఎప్పుడు, కంపెనీ ఇస్తామన్న షేర్లలో రిజైన్ చేసిన రోజుకు ఇంకా చేతికి రానివి ఎన్ని, వారంలో రాత్రి 8 దాటాక ఎన్ని కాల్స్ ఉండేవి. ఇది నింపితే కింది లక్షణాల్లో మీ టీముది ఏదో తెలిసిపోతుంది. ఒకటికి మించి కనిపించినా ఆశ్చర్యం లేదు.

లక్షణం: ఆఫర్ ఒప్పుకున్నవాళ్లు చేరడం లేదు, చేరినవాళ్లు ఏడాదిలోపే వెళ్తున్నారు

మన దగ్గర నోటీసు పీరియడ్ చాలాచోట్ల 60 నుంచి 90 రోజులు. ఆ మూడు నెలలూ అభ్యర్థి చేతిలో మీ ఆఫర్ లెటర్ ఉంటుంది, దాన్ని చూపించి ఇంకో రెండు తెచ్చుకోవడానికి కావలసినంత సమయమూ ఉంటుంది. రిక్రూటర్ వారానికోసారి "జాయినింగ్ కన్ఫర్మేనా?" అని ఫోన్ చేస్తే లాభం లేదు. రేపు ఎవరి కింద పనిచేయబోతున్నారో ఆ మేనేజరే రెండు వారాలకోసారి మాట్లాడాలి, చేయబోయే పని గురించి చెప్పాలి. ల్యాప్‌టాప్, రిపాజిటరీ (కోడ్ ఉండే చోటు) యాక్సెస్ లాంటి రిక్వెస్టులన్నీ ఆ వ్యవధిలోనే పెట్టేయండి. చేరిన మూడు వారాలకు కూడా యాక్సెస్ రాకపోతే ఆ మనిషి పాత రిక్రూటర్ల ఫోన్లు మళ్లీ ఎత్తడం మొదలుపెడతారు.

చేరాక వెళ్లిపోతున్నారంటే ఇంటర్వ్యూలో చెప్పిన పనికీ ఇచ్చిన పనికీ పొంతన లేదని అనుమానించాలి. కొత్త ప్రొడక్ట్ కట్టాలని చెప్పి ప్రొడక్షన్ సపోర్ట్ టికెట్లు (నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే ఫిర్యాదులు) చేతికిస్తే ఎవరూ ఉండరు. పనిలో సపోర్ట్ ఎంత శాతం ఉంటుందో ఇంటర్వ్యూలోనే చెప్పేయండి. కొందరు అక్కడే వద్దంటారు. అది నష్టం కాదు.

లక్షణం: నవంబరు దాటాక టీమ్ నీరసపడుతోంది, సెలవులు పెరుగుతున్నాయి

అందరూ తక్కువ అంచనా వేసే కారణం ఇదే. హెడ్డాఫీసు సియాటెల్‌లో ఉందనుకోండి. అక్కడ ఉదయం 8 గంటల మీటింగ్ అంటే వేసవిలో మనకు రాత్రి 8:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి జరిగాక అదే మీటింగ్ రాత్రి 9:30 అవుతుంది. అక్కడివాళ్లకు క్యాలెండర్‌లో ఏమీ మారదు కాబట్టి వాళ్ల దృష్టికే రాదు. మార్చి రెండో ఆదివారం దాకా, అంటే నాలుగు నెలలు, ఇక్కడ పిల్లలు పడుకునే వేళకు కాల్ మొదలవుతుంది. లండన్ కూడా ఉన్న టీమైతే ఇంకో చిక్కు. బ్రిటన్ గడియారం మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుతుంది. అమెరికా తేదీలతో కలవని ఆ వారాల్లో మూడు ఊళ్ల మీటింగ్ ప్రతిసారీ ఎవరో ఒకరికి గంట తప్పుతుంది.

ముందుగా, రోజూ జరిగే మీటింగులను హైదరాబాద్ టైమ్‌జోన్‌లో బుక్ చేయండి. అప్పుడు గడియారం మారినప్పుడు జరగాల్సింది అమెరికా వాళ్ల సమయం అవుతుంది. రెండోది, భారాన్ని పంచండి. మనకు ఉదయం 8:30 అంటే సియాటెల్‌లో వేసవిలో ముందురోజు రాత్రి 8. నెలలో రెండు వారాలు వాళ్లు రాత్రి కూర్చుంటే, రెండు వారాలు మనవాళ్లు కూర్చుంటారు. మన సోమవారం ఉదయం వాళ్లకు ఆదివారం రాత్రి కాబట్టి ఆ ఉదయపు మీటింగులను మంగళవారం నుంచి శుక్రవారం మధ్యలోనే పెట్టండి. మూడోది, స్టేటస్ చెప్పుకునే మీటింగులన్నీ రాతలోకి మార్చేయండి. వాదన అవసరమైన విషయాలకే కాల్ మిగలాలి. వారానికి రెండు రాత్రులకు మించకూడదన్న హద్దు టీమ్ ఒప్పందంలో రాసుకోండి. రాత్రి పది దాకా కూర్చున్నవాళ్లను మర్నాడు తొమ్మిదింటికి ఆఫీసుకు రమ్మంటే ఈ మార్పులన్నీ వృథా. రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర దిగి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లేవాళ్ల రోజు ఎంత పొడవో ఒకసారి లెక్క వేసి చూడండి.

సెలవుల క్యాలెండర్ కూడా ఇందులో భాగమే. జనవరి మధ్యలో పెద్ద రిలీజ్ పెడితే సంక్రాంతికి ఊరు వెళ్లాల్సినవాళ్లు ల్యాప్‌టాప్ పట్టుకుని రైలెక్కాలి. సంక్రాంతి, ఉగాది, దసరా, దీపావళి తేదీలు ఏడాది ప్లాన్ వేసేటప్పుడే హెడ్డాఫీసు క్యాలెండర్‌లో ఎక్కించండి. వాళ్ల థాంక్స్‌గివింగ్ వారంలో ఎవరూ రిలీజ్ పెట్టరు కదా, మన పండగకూ అదే మర్యాద అడగడంలో తప్పేమీ లేదు.

లక్షణం: మూడు నుంచి ఐదేళ్లు చేసిన సీనియర్లు వరుసగా వెళ్తున్నారు

పోతే మళ్లీ దొరకనివాళ్లు వీళ్లే. డబ్బు పెంచితే ఆరు నెలలు ఆగుతారేమో, అంతే. వెళ్లేముందు వాళ్లలో ఒక మార్పు కనిపిస్తుంది: డిజైన్ చర్చల్లో వాదించడం మానేస్తారు, "మీరు ఎలా అంటే అలా" అంటారు. అది సర్దుకుపోవడం అనుకోకండి.

కారణం నిర్ణయాలు అక్కడ, టికెట్లు ఇక్కడ కావడం. అక్కడ కాఫీ మెషిన్ దగ్గర నలుగురు మాట్లాడుకుని డిజైన్ తేల్చేస్తారు, మనవాళ్లకు తెల్లారాక మెయిల్‌లో తెలుస్తుంది. దీనికి మూడు పనులు చేయాలి.

సగం సగం పంచుకున్న పనులు ఆపి ఒక పూర్తి భాగాన్ని హైదరాబాద్‌కు ఇవ్వండి. బిల్లింగ్ అనుకుందాం. దాని రోడ్‌మ్యాప్, ఆన్‌కాల్ (ఏ వేళ సమస్య వచ్చినా చూసే బాధ్యత), తుది ఆమోదం, కుదిరితే క్లౌడ్ బడ్జెట్ కూడా ఇక్కడి వ్యక్తి పేరు మీదే ఉండాలి. ఆన్‌కాల్ మాత్రం ఇచ్చి ఆమోదం అక్కడే అట్టిపెట్టుకుంటే పరిస్థితి ఇంకా చెడుతుంది. రెండోది, ప్రతి డిజైన్ నిర్ణయానికీ రాతలో పత్రం ఉండాలి. వ్యాఖ్యలకు 48 గంటలు కాదు, రెండు ఊళ్లలోనూ రెండు పూర్తి పనిదినాలు ఇవ్వాలి.

మూడోది ప్రమోషన్. కమిటీ హెడ్డాఫీసులో కూర్చుంటుంది, ఇక్కడి మనిషిని అక్కడ ఎవరూ చూసి ఉండరు, "ఇంకో ఏడాది చూద్దాం" అంటారు. ఫైలు పంపే నెలలో హడావుడి పడితే లాభం లేదు. ఆరు నెలల ముందే అక్కడి ఇద్దరు సీనియర్లతో ఆ వ్యక్తి నేరుగా పనిచేసేలా ప్రాజెక్ట్ చూడండి, డెమో మేనేజర్ కాకుండా పని చేసిన మనిషే ఇచ్చేలా చూడండి. రేపు కమిటీలో వాళ్ల తరఫున మాట్లాడేది ఆ ఇద్దరే.

లక్షణం: మార్చిలో బోనస్ పడింది, ఏప్రిల్‌లో రాజీనామాలు

ఇక్కడ మాత్రం డబ్బే విషయం, కాకపోతే జీతం కంటే ముందు షేర్ల లెక్క చూడాలి. చేరినప్పుడు 400 షేర్లు నాలుగేళ్లకు ఇచ్చారనుకోండి, ఏడాదికి 100 వస్తాయి. మూడేళ్లు పూర్తయ్యేసరికి మిగిలేది 100. మధ్యలో కొత్త గ్రాంట్ (మరికొన్ని షేర్లు) ఇవ్వకపోతే నాలుగో ఏడాది చివర ఆ మనిషి మొత్తం రాబడి ఒక్కసారిగా పడిపోతుంది. బయటి కంపెనీ కొత్త నాలుగేళ్ల గ్రాంట్‌తో పిలుస్తుంది. కాబట్టి ప్రతి ఒక్కరికీ రాబోయే 12 నెలల్లో రావాల్సిన షేర్ల విలువ, ఆ తర్వాతి 12 నెలల విలువ పక్కపక్కన రాయండి. రెండోది మొదటిదాంట్లో సగం కంటే తక్కువుంటే వెంటనే అదనపు గ్రాంట్ అడగండి. రాజీనామా వచ్చాక అడిగితే అది కౌంటర్ ఆఫర్ (వెళ్లేవాళ్లను ఆపడానికి పెంచి ఇచ్చేది) అవుతుంది.

షేర్ల పన్ను కూడా అసంతృప్తికి ఒక కారణం. షేర్లు చేతికొచ్చిన రోజు మార్కెట్ విలువ జీతంలో కలిసి పన్ను పడుతుంది. అమ్మినప్పుడు లాభానికి మళ్లీ పన్ను. విదేశీ షేర్లయితే 24 నెలలు దాటాకే దీర్ఘకాలిక లాభం కింద లెక్క. పైగా ఆదాయపు పన్ను రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి, అందులో వివరాలు క్యాలెండర్ సంవత్సరం ప్రకారం ఇవ్వాలి. మార్చితో ముగిసే ఆర్థిక సంవత్సరం లెక్కలు వేసి తప్పు చేసేవాళ్లు చాలామంది. జూన్‌లో ఒక సీఏను పిలిపించి రెండు గంటల సెషన్ పెట్టించడం చవకైన పని.

లక్షణం: "ఆన్‌సైట్ అన్నారు, రెండేళ్లయింది"

ఆన్‌సైట్‌కు, అంటే అమెరికా ఆఫీసుకు, పంపుతామని నోటిమాటగా వీసా ఆశ చూపడమే కారణం. అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీకి ఏటా 85,000 పరిమితి, లాటరీ ఉంది. 2025 సెప్టెంబరులో విదేశాల నుంచి వచ్చే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు ప్రకటించాక కంపెనీలు మరింత వెనకాడుతున్నాయి. సొంత ఉద్యోగిని పంపడానికి ఎల్-1 వీసా దారి ఉంది. దానికి గత మూడేళ్లలో కనీసం ఏడాది పాటు విదేశంలోని అదే కంపెనీ శాఖలో వరుసగా పనిచేసి ఉండాలి. మేనేజర్లకు గరిష్ఠంగా ఏడేళ్లు, ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్లకు ఐదేళ్లు. పంపే ఉద్దేశం ఉంటే ఏ వీసా, ఎప్పుడు ఫైల్ చేస్తారు, కాకపోతే ఏమిటన్నది రాతలో ఇవ్వండి. ఉద్దేశం లేకపోతే ఆ మాటే ఎత్తకండి.

లక్షణం: ప్రసూతి సెలవు నుంచి వచ్చినవాళ్లు ఆరు నెలల్లో మానేస్తున్నారు

26 వారాల సెలవు చట్టం ఇస్తోంది, కానీ తిరిగొచ్చాక అప్రైజల్‌లో "సగం ఏడాదే చేసింది" అని రేటింగ్ తగ్గిస్తే, రాత్రి కాల్స్ అలాగే ఉంటే ఎవరుంటారు? పనిచేసిన నెలల మీదే రేటింగ్ ఇవ్వండి. మొదటి ఆరు నెలలు రాత్రి కాల్స్ తీసేయండి. 50 మంది, ఆపైన ఉన్న సంస్థకు క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. ఆ సంగతి తిరిగొచ్చేముందే ఆమెకు చెప్పండి.

రాజీనామా వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి

రెండు రోజుల్లోపు మాట్లాడాలి, అదీ వాళ్ల సొంత మేనేజర్ కాకుండా ఆ పై మేనేజర్ మాట్లాడితే నిజం బయటకొస్తుంది. అడగాల్సింది "ఎంత ఇస్తే ఉంటారు?" అని కాదు. "వెతకడం ఎప్పుడు మొదలుపెట్టారు, ఆ వారం ఏం జరిగింది?" అని. జవాబు పని గురించో మేనేజర్ గురించో అయితే, దాన్ని నెలలోపు మార్చగలిగితే, రాతలో ఇచ్చి ఆపండి. జవాబు డబ్బు ఒక్కటే అయితే కౌంటర్ ఆఫర్ ఇవ్వకండి. ఆ అంకె వారంలో టీమ్ అంతటికీ తెలుస్తుంది, జీతం పెరగాలంటే రాజీనామా పెట్టాలని మిగతావాళ్లు నేర్చుకుంటారు.

వెళ్లేవాళ్లకు రిలీవింగ్ లెటర్ చివరి రోజునే ఇవ్వండి, సెటిల్‌మెంట్ లాగకండి. హైదరాబాద్‌లో ఐటీ ప్రపంచం చిన్నది. రెండేళ్లకు మళ్లీ మీ దగ్గరికే రావాలనుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఫోన్ చేయగలిగేలా మీరుండాలి.