పాత ప్రొఫెషనల్ మానిటర్ రిపేరు – పాఠం 4: బొమ్మ పొట్టిబడితే

పిక్చర్ ట్యూబ్ ఉన్న పాత వీడియో మానిటర్ మూత తీయకముందు చూసుకోవాల్సినవి గత పాఠంలో చెప్పుకున్నాం: వీడియో సిగ్నల్ తెచ్చే బీఎన్‌సీ కేబుల్, ఆ కేబుల్ చివర ఉండాల్సిన 75 ఓముల రెసిస్టెన్స్ (టెర్మినేషన్), బొమ్మను తెర మీద నిలబెట్టే సంకేతాన్ని (సింక్) వేరే కేబుల్ నుంచి తీసుకోమని చెప్పే ఎక్స్‌టర్నల్ సింక్ బటన్. ఆ బటన్ నొక్కి ఉండి వెనకాల సింక్ కేబుల్ లేకపోతే బొమ్మ దొర్లుతూనే ఉంటుంది. అది రిపేరు కాదు, బటన్ మళ్లీ నొక్కితే సరిపోతుంది. విజయవాడ గాంధీనగర్, గవర్నర్‌పేటల్లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే గదుల నుంచి అలాంటి మానిటర్లను పాపం ఆటోలో వేసుకుని తెచ్చేవాళ్లు.

ఈసారి నిజంగానే లోపల పని ఉన్న కేసు చూద్దాం. బొమ్మ ఎత్తు తగ్గింది, లేదా పైన మడత పడింది, లేదా తెర మధ్యలో ఒక్క అడ్డగీత మిగిలింది. మెకానిక్‌లు ‘లైన్ పడింది’ అనేది ఈ చివరిదాన్నే.

ముందుగా మెనూ బటన్ నొక్కండి. తెర మీద వచ్చే అక్షరాలు మానిటర్ తనంతట తాను తయారుచేసుకునేవి, బయటి కేబుల్‌తో వాటికి సంబంధం లేదు. బొమ్మతో పాటు ఆ అక్షరాలు కూడా నలిగి ఉంటే లోపం మానిటర్‌లోనే ఉంది. అక్షరాలు సరిగ్గా ఉండి బొమ్మ ఒక్కటే నలిగితే ప్లేయర్ వైపు చూడండి. మెనూ లేని పాత మోడళ్లకు ఇంకో ప్లేయర్ తగిలించి చూడటమే దారి.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చదవండి. ఇది అర్థమైతే సగం రిపేరు అయిపోయినట్టే. మన దేశంలో అనలాగ్ టీవీకి వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 50 ఫీల్డులు (కిరణం తెరను పైనుంచి కిందికి ఒకసారి గీస్తే ఒక ఫీల్డు), అంటే ఒక్కో ఫీల్డుకు 20 మిల్లీసెకన్లు. ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి నెమ్మదిగా దిగుతుంది. తిరిగి పైకి మాత్రం ఒక్క ఉదుటున వెళ్లాలి. అందుకు ఉన్న గడువు 25 లైన్లు, ఒక్కో లైన్ 64 మైక్రోసెకన్లు, మొత్తం 1.6 మిల్లీసెకన్లు. అంత వేగంగా యోక్‌లో, అంటే ట్యూబ్ మెడ చుట్టూ ఉండి కిరణాన్ని తిప్పే తీగచుట్టలో, కరెంటు దిశ మార్చడానికి మామూలు సప్లై చాలదు. అందుకే యోక్‌కు ఆ కరెంటు ఇచ్చే వర్టికల్ ఐసీ పక్కన ఒక చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటుంది. కిరణం దిగుతున్నంతసేపూ అది చార్జి నింపుకుని, పైకి లేచే క్షణంలో సప్లైకి తోడై వోల్టేజీని దాదాపు రెట్టింపు చేస్తుంది. దీన్ని పంప్ అప్ కెపాసిటర్ అంటారు.

ఆ కెపాసిటర్ ఎండిపోతే కిరణం సమయానికి పైకి చేరదు. ఇంకా దారిలో ఉండగానే కొత్త ఫీల్డు బొమ్మ మొదలవుతుంది. అందుకే తెర పైభాగంలో బొమ్మ తన మీద తానే మడత పడి, అక్కడ సన్నటి తెల్ల గీతలు కనిపిస్తాయి. పైన మడత కనిపిస్తే నేను మొదట చూసేది ఈ కెపాసిటర్‌నే.

ఎత్తు మొత్తంగా తగ్గి, గళ్ల బొమ్మ పెట్టి చూస్తే గళ్లు ఒకవైపు సాగి ఇంకోవైపు నలిగితే యోక్‌తో సిరీస్‌లో ఉండే పెద్ద కెపాసిటర్‌ను అనుమానించండి. కొన్ని మానిటర్లలో అది ఉండదు, ప్లస్ మైనస్ రెండు సప్లైలు ఉంటాయి. వాటిలో ఒకటి పోతే తెరలో సగమే బొమ్మ వస్తుంది. అప్పుడు ఆ సప్లై దారిలోని ఫ్యూజబుల్ రెసిస్టర్‌ను (కరెంటు ఎక్కువైతే ఫ్యూజులా తెగిపోయే రెసిస్టర్) కొలవండి.

లైన్ పడినప్పుడు వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించండి. శక్తంతా ఒక్క గీత మీద పడితే ట్యూబ్ లోపల వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత కాలిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు. కొన్ని మానిటర్లు ట్యూబ్‌ను కాపాడటానికి తెరను పూర్తిగా నల్లగా చేసేస్తాయి. సెట్ చచ్చిపోయిందని అనుకోకండి. ట్యూబ్ మెడలో హీటర్ ఎర్రగా వెలుగుతూ, ఆన్ చేయగానే తెర దగ్గర చేతి వెంట్రుకలు లేస్తే ఈహెచ్‌టీ (ట్యూబ్‌కు అందే అతి ఎక్కువ వోల్టేజీ) బాగానే ఉంది, వర్టికల్ సెక్షన్‌ను వెతకండి.

ఒకసారి నేనూ తొందరపడ్డాను. 14 అంగుళాల మానిటర్‌లో లైన్ పడితే వర్టికల్ ఐసీ మార్చి పంపించాను. నాలుగు రోజులకు అదే గీతతో వెనక్కి వచ్చింది, కొత్త ఐసీ కూడా పోయింది. అసలు దోషి హీట్‌సింక్‌ను ఆనుకుని ఉన్న ఆ పంప్ అప్ కెపాసిటరే. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో రోజంతా నడిచే సెట్‌లో, ఆ వేడి పక్కన ఎలక్ట్రోలైటిక్ ఎన్నాళ్లుంటుంది? ఆ రోజు నుంచి ఐసీ మారిస్తే పక్క కెపాసిటర్లూ మారుస్తాను. 85 డిగ్రీల వేడిని తట్టుకునేవి ఉన్నచోట 105 డిగ్రీలవి వేస్తాను. విలువ అదే ఉండాలి, వోల్టేజీ పాతదానికి తగ్గకూడదు.

చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకండి. పీకినా ట్యూబ్‌లో 20,000 వోల్టులకు పైగా చార్జి మిగిలి ఉండొచ్చు. దాన్ని డిశ్చార్జ్ చేయడం తెలిసినవాళ్ల పక్కన నిలబడి చూసి నేర్చుకోండి. ఈ ఒక్క పనీ చదివి నేర్చుకోవద్దని బతిమాలుతున్నాను.

బోర్డు తిప్పి ఐసీ కాళ్లను భూతద్దంతో చూడండి. కాలు చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు ఉంటే అది డ్రై సోల్డర్. వేడెక్కాక లైన్ పడి, పెట్టెను తడితే సరయ్యే సెట్లలో చాలావరకు ఇదే కారణం. పాత సోల్డర్ మీదే కొత్తది పొయ్యకండి. పాతది పూర్తిగా లాగేసి, కాలు శుభ్రం చేసి, అప్పుడు సోల్డర్ చేయండి.

వచ్చే పాఠం లోపు ఒక పని చేయండి. క్రాస్‌హాచ్ గళ్ల బొమ్మ పెట్టి, బొమ్మ అంచులన్నీ తెరలోపలే కనిపించేలా చేసే అండర్‌స్కాన్ బటన్ నొక్కి, పై వరుస, మధ్య వరుస, కింది వరుస గళ్ల ఎత్తును స్కేలుతో కొలిచి రాసుకోండి. అరగంట నడిచాక మళ్లీ కొలవండి. రెండు కొలతలూ పక్కపక్కన రాసి దాచుకోండి, రంగు మచ్చల పాఠానికి వెళ్లేముందు వాటితో పనుంది.