వాల్యూమ్ నోటిఫికేషన్లు దొంతరగా పడకుండా ఒకే పట్టీ కదిలేలా

పూర్తి డెస్క్‌టాప్ లేకుండా విండో మేనేజర్ (తెరపై విండోలను అమర్చే ప్రోగ్రాము) మాత్రమే ఉన్న నా లినక్స్‌లో వాల్యూమ్ మీట నొక్కిన ప్రతిసారీ కొత్త నోటిఫికేషన్ వచ్చి తెర మూలన పేరుకుపోయేది. గడువు తగ్గించడం, పాతవన్నీ ముందే మూసేయడం ఫలితమివ్వలేదు.

చివరికి కుదిరింది ఇలా. మీట నొక్కితే నడిచే స్క్రిప్టులో ముందు డబ్ల్యూపీసీటీఎల్‌తో (wpctl, పైప్‌వైర్ ఆడియో వ్యవస్థలో వాల్యూమ్ మార్చే ఆదేశం) వాల్యూమ్ మార్చాలి, ఆ తర్వాతే దాని విలువను అదే ఆదేశంతో చదవాలి. లేదంటే నోటిఫికేషన్‌లో వాల్యూమ్ చూపే పట్టీ ఒక మెట్టు వెనకబడుతుంది. విలువ 0.45 అని దశాంశంలో వస్తుంది కాబట్టి ఆక్‌తో (awk, పాఠ్యంలోంచి విలువలు తీసి లెక్కలు చేసే ఆదేశం) 100 పెట్టి గుణించాను. మ్యూట్‌లో ఉంటే అదే వరుస చివర ‘మ్యూటెడ్’ అని కనబడుతుంది, దాన్ని గ్రెప్‌తో (grep, పాఠ్యంలో పదాన్ని వెతికే ఆదేశం) పట్టుకోవచ్చు. ఇక నోటిఫికేషన్ పంపే నోటిఫై-సెండ్ (notify-send) ఆదేశానికి రెండు హింట్లు (అదనపు సూచనలు) ఇచ్చాను: పట్టీ గీయడానికి ‘వాల్యూ’, పాతదాని చోటే కొత్తది రావడానికి ‘ఎక్స్-డన్‌స్ట్-స్టాక్-ట్యాగ్’ (x-dunst-stack-tag). అసలు కిటుకంతా ఈ రెండో దానిలోనే ఉంది. ట్యాగ్‌కు ఏ పేరైనా పెట్టండి, ప్రతిసారీ అదే పేరు వెళ్లాలి.

నేను వాడేది ఆడియోకు పైప్‌వైర్, నోటిఫికేషన్లు చూపడానికి డన్‌స్ట్. వేరే నోటిఫికేషన్ ప్రోగ్రాముల్లో ఈ ట్యాగ్ పనిచేయకపోవచ్చు; అక్కడ పాత నోటిఫికేషన్ సంఖ్యను దాచుకుని, తిరిగి దానితోనే పంపి చూడండి.