తల అతికించిన ఎలక్ట్రిక్ గిటారు కొని బాగుచేసుకోవడం ఎలా?

గిబ్సన్ లెస్ పాల్, ఎస్‌జీ గిటార్లు కింద పడితే చాలాసార్లు విరిగేది తలే, అంటే హెడ్‌స్టాక్. నెక్, అంటే మెడ, మహాగని చెక్క; తల వెనక్కి సుమారు 17 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ వంపు దగ్గర చెక్క పోగులు పొడవునా సాగకుండా మధ్యలోనే తెగిపోతాయి. పైగా ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండి దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ) బిగించే నట్టు కోసం సరిగ్గా అక్కడే గుంట తవ్వుతారు. తల వాలు లేని ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు ఈ బెడద తక్కువ.

అతుకు పడిన గిబ్సన్ ధర బాగా పడిపోతుంది. దాచుకోవడానికి కాక వాయించుకోవడానికి కొనేవారికి అంతకంటే మంచి బేరం లేదని నా నమ్మకం. చక్కగా పడిన అతుకు చుట్టూ ఉన్న చెక్క కంటే గట్టిగా ఉంటుంది.

మొదట విరిగిన తీరు చూడండి. పగులు ఏటవాలుగా, పొడవుగా సాగితే జిగురు పట్టే చోటు ఎక్కువ, కాబట్టి నిశ్చింతగా కొనవచ్చు. అడ్డంగా, పొట్టిగా విరిగి ఉంటే, లోపల చెక్క బద్దలు పొదిగి బలపరిచారా అని అడగండి. పొదగకపోతే వదిలేయండి. అతుకు గీత మీద గోరు నడపండి, పక్కనుంచి లైటు వేసి చూడండి. తీగలు పూర్తి శ్రుతిలో ఉండగానే పరీక్షించాలి, ఎందుకంటే అప్పుడు మెడ మీద దాదాపు 45 కిలోల లాగుడు ఉంటుంది. గీత సన్నగా తెరుచుకున్నా, శ్రుతి అదే పనిగా దిగిపోతున్నా అతుకు కదులుతున్నట్టే. ట్రస్ రాడ్ తిరుగుతోందో లేదో కూడా చూడండి. దాన్ని బాగుచేయడం తల అతికించడం కంటే కష్టం.

ఇంటికి తెచ్చాక, గట్టిగా ఉన్న పాత అతుకును ముట్టుకోకండి. మచ్చ కనబడుతోందని గీకి రంగు వేయడం మొదలుపెడితే డబ్బు అక్కడే ఖర్చయిపోతుంది, గిటారు మోత మాత్రం మెరుగుపడదు.

పగులు తెరుచుకుంటుంటే మాత్రం తీగలన్నీ వదులు చేయండి. వడ్రంగులు వాడే పసుపు జిగురును పగులు లోతుకు దించండి. పలచని ప్లాస్టిక్ ముక్కతో తోస్తే లోపలికి వెళుతుంది. రెండు వైపులా మైనపు కాగితం, దాని మీద చెక్క ముక్కలు పెట్టి క్లాంపులు బిగించి, కారిన జిగురును తడిగుడ్డతో తుడవండి. 24 గంటలు గడిచే దాకా తీగలు బిగించవద్దు. అంతకు ముందు ఎవరైనా ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి వాడే గట్టి జిగురు) పోసి ఉంటే ఈ జిగురు దానికి పట్టదు. అలాంటి గిటారును బాగుచేసేవారికే అప్పగించండి.

మిగతాది తేలిక. వాల్యూమ్ నాబ్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే), జాక్ (కేబుల్ గుచ్చే చోటు) వైరు తెగితే టంకం. నట్ (తల, మెడ కలిసే చోట తీగలు ఆనే చిన్న పట్టీ) గాడుల్లో పెన్సిల్ పొడి రాస్తే తీగలు ఇరుక్కోవు. మొదట సన్నని 9-42 తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) వేసి, 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర తీగ ఎత్తు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య ఉంచండి.

గట్టి పెట్టె తప్పనిసరి. అందులో మెడ కింద ఆసరా ఉండాలి, తల వెనుక భాగం పెట్టె అడుగును తాకకూడదు. చాలా గిటార్లు పెట్టెలో ఉండగా వెల్లకిలా పడినప్పుడే విరుగుతాయి.