బంధాలను చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: కార్బన్–ఫ్లోరిన్

పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్నతోనే మొదలుపెడదాం. మిథైల్ ఫ్లోరైడ్, మిథైల్ అయొడైడ్, ఈ రెండింటిలో హైడ్రాక్సైడ్ అయాన్‌తో ఏది త్వరగా చర్య జరుపుతుంది?

ఫ్లోరైడ్ అని రాశారా? అలా రాసినవాళ్లు ఆలోచించే రాశారు. పాలింగ్ స్కేలు మీద ఫ్లోరిన్ రుణవిద్యుదాత్మకత, అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం, 3.98, కార్బన్‌ది 2.55. ఎలక్ట్రాన్ జంట ఫ్లోరిన్ వైపు బాగా జరుగుతుంది, కార్బన్ మీద కొంత ధనావేశం మిగులుతుంది. కాబట్టి హైడ్రాక్సైడ్ అక్కడికే పరుగెత్తాలి కదా? కానీ సరైన జవాబు అయొడైడ్. ధ్రువత్వం (బంధంలో ఆవేశాలు ఇలా రెండు కొసలకూ విడిపోవడం) ఎక్కువైతే బంధం సులువుగా తెగుతుందని అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. నేనూ మొదట్లో ఇక్కడే చాలాసార్లు తప్పు చేశాను, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

హైడ్రాక్సైడ్ వచ్చి చేరాలంటే పాత బంధం తెగాలి. కార్బన్–ఫ్లోరిన్ బంధ శక్తి సగటున మోల్‌కు సుమారు 485 కిలోజౌల్‌లు. కార్బన్–హైడ్రోజన్‌కు 413, కార్బన్–అయొడిన్‌కు దాదాపు 240 మాత్రమే. ఫ్లోరిన్ చిన్న పరమాణువు, కార్బన్‌కు బాగా దగ్గరగా వస్తుంది. పంచుకున్న ఎలక్ట్రాన్లు కలిపి ఉంచేది ఒకటైతే, పాక్షిక ధన, రుణ ఆవేశాలు ఒకదాన్నొకటి లాక్కోవడం దానికి తోడవుతుంది. అంటే ఇక్కడ ధ్రువత్వమే బంధానికి బలం.

దీన్ని మీరే పరీక్షించి చూడండి. కాగితం మీద మిథేన్ బొమ్మ గీసి, హైడ్రోజన్‌లను ఒక్కొక్కటిగా తీసి ఫ్లోరిన్ పెట్టండి. ప్రతిసారీ కార్బన్ మీద ధనావేశం పెరుగుతుంది, కాబట్టి బంధం ఇంకా బిగియాలి. నిజంగా అదే జరుగుతుంది. మిథైల్ ఫ్లోరైడ్‌లో బంధ దైర్ఘ్యం సుమారు 138 పికోమీటర్లు, కార్బన్ టెట్రాఫ్లోరైడ్‌లో 132. బంధ శక్తి 460 నుంచి 540 దాకా పెరుగుతుంది.

1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న టెఫ్లాన్‌లో ప్రతి కార్బన్‌కూ ఇలాంటి బంధాలే ఉంటాయి. వేడికీ ఆమ్లాలకూ అది తట్టుకోవడానికి ఇవే పెద్ద కారణం. నేలలో, నీళ్లలో ఏళ్ల తరబడి పోకుండా ఉండే ఫ్లోరిన్ రసాయనాల సమస్యకూ మూలం ఈ బలమే.

వచ్చే పాఠానికి లెక్క: ఒక కార్బన్‌కు మూడు క్లోరిన్‌లు, ఒక ఫ్లోరిన్ ఉన్న అణువు గీయండి. స్ట్రాటోస్ఫియర్‌లో అతినీలలోహిత కిరణం తగిలితే ముందు ఏ బంధం తెగుతుంది? కార్బన్–క్లోరిన్ బంధ శక్తి సుమారు 330 అని తీసుకుని, జవాబుతో పాటు కారణం కూడా రాయండి.