కొత్త రూటర్ పెట్టాక పాత ప్రింటర్ మొరాయిస్తోందా?

ఫైబర్ కనెక్షన్ మారినా, పాత రూటర్ పాడై కొత్తది తెచ్చుకున్నా ఇంట్లో ముందుగా మొండికేసేది ప్రింటరే. ఫోన్లు, టీవీ పాస్‌వర్డ్ కొట్టగానే కలిసిపోతాయి. ప్రింటర్ మీద వైఫై లైటు మాత్రం మినుకు మినుకుమంటూనే ఉంటుంది. రేపు పొద్దున పరీక్షకు హాల్ టికెట్ కావాలంటే ఇక ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. చాలామంది ఇక్కడే ‘పాతదైపోయింది, కొత్తది కొనేద్దాం’ అనేస్తారు. తొందరపడకండి. చాలాసార్లు ప్రింటర్‌లో ఏ లోపమూ ఉండదు. కొత్త రూటర్ కంపెనీ నుంచి వచ్చిన సెట్టింగులతో పాత ప్రింటర్‌కు పొసగదు, అంతే.

అన్నిటికంటే సులువైన మందు ముందే చెప్తాను. పాత రూటర్ వైఫై పేరు, పాస్‌వర్డ్ గుర్తుంటే కొత్త రూటర్‌కూ అక్షరం తేడా లేకుండా అవే పెట్టండి. పెద్దక్షరం, చిన్నక్షరం కూడా మారకూడదు. ప్రింటర్‌కు తెలిసింది ఆ పేరు, పాస్‌వర్డే కాబట్టి చాలా ఇళ్లలో దానంతటదే కలిసిపోతుంది. సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు ఉన్నవాళ్లకు వాటి బెడదా తప్పుతుంది.

అప్పటికీ కలవకపోతే ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ, అంటే దాని నెట్‌వర్క్ వివరాలుండే కాగితం తీయండి. వైఫై లేకపోయినా ఇది వస్తుంది. స్క్రీన్ ఉంటే నెట్‌వర్క్ మెనూలో, లేకపోతే ఒకటి రెండు బటన్లు నొక్కి పట్టుకుంటే వస్తుంది. ఏ బటన్లో మీ మోడల్ మాన్యువల్లో ఉంటుంది. ఆ కాగితంలో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా) లైను చూడండి. ఖాళీగానో, అన్నీ సున్నాలుగానో ఉంటే ప్రింటర్ రూటర్‌తో కలవనే లేదు. 169.254తో మొదలైతే రూటర్ నుంచి దానికి అడ్రస్ దొరకలేదు. సరైన అడ్రసే ఉంటే మీ ఫోన్ వైఫై వివరాల్లోని అడ్రస్‌తో పోల్చండి. మామూలు ఇంటి నెట్‌వర్క్‌లో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ రెండిటిలో ఒకటే ఉండాలి. అవి కలిస్తే లోపం ఎక్కువగా కంప్యూటర్ వైపే ఉంటుంది.

ప్రింటర్ జాబితాలో మా వైఫై పేరే రావడం లేదు

వైఫై సిగ్నల్ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే బ్యాండ్ల మీద వస్తుంది. పాత ప్రింటర్లలో దాదాపు అన్నీ 2.4 మీదే పనిచేస్తాయి. కొత్త రూటర్ 2.4, 5 రెండూ ఇస్తుంది. 2.4 ఆపేసి ఉన్నా, దాని సెట్టింగులు మరీ కొత్తవైనా ప్రింటర్‌కు ఏమీ కనిపించదు. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే కొన్ని ప్రింటర్లు తడబడతాయి కూడా.

బ్రౌజర్‌లో రూటర్ సెట్టింగుల పేజీ తెరవండి. అడ్రస్ చాలా రూటర్లలో 192.168.1.1 లేదా 192.168.0.1, జియోఫైబర్‌లో 192.168.29.1. రూటర్ కింద అంటించిన స్టిక్కర్ మీద కూడా ఉంటుంది. లోపల రెండు బ్యాండ్లనూ ఒకే పేరు కింద కలిపే ‘స్మార్ట్ కనెక్ట్’ లేదా ‘బ్యాండ్ స్టీరింగ్’ ఆపి, 2.4కు విడిగా ఒక పేరు పెట్టండి. పేరులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు తప్ప ఖాళీలు, గుర్తులు వద్దు. ఛానెల్ ‘ఆటో’లో వదలకుండా 1, 6, 11లో ఒకటి ఎంచుకోండి. మన దేశంలో రూటర్లు 12, 13 కూడా వాడగలవు. అమెరికా నుంచి తెచ్చుకున్న ప్రింటర్ 11 దాటి వెతకదు. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి. మోడ్ దగ్గర ‘ఏఎక్స్’ (కొత్త వైఫై 6 పద్ధతి) ఉంటే 2.4 వరకు ‘బీ/జీ/ఎన్’కు మార్చండి.

ఇలా చేస్తే ఇల్లంతా నెట్ నెమ్మదిస్తుందేమోనని భయం అక్కర్లేదు. ల్యాప్‌టాప్, ఫోన్లు 5 మీదే ఉంచుకోండి. రెండూ ఒకే రూటర్ కింద ఉన్నాయి కాబట్టి ప్రింట్ హాయిగా వెళ్తుంది.

పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ కరెక్టే, అయినా కనెక్ట్ కావడం లేదు

ఇక్కడ ఎక్కువగా అడ్డుపడేది డబ్ల్యూపీఏ3. ఈ భద్రతా పద్ధతి 2018లో వచ్చింది. అంతకుముందు తయారైన ప్రింటర్‌కు దాని సంగతే తెలియదు. తెరపై మాత్రం చాలాసార్లు ‘పాస్‌వర్డ్ తప్పు’ అని చూపిస్తుంది. దాంతో మనం పాస్‌వర్డే మళ్లీ మళ్లీ కొడుతూ కూర్చుంటాం.

రూటర్‌లో వైర్‌లెస్ సెక్యూరిటీని ముందు ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ మిశ్రమానికి మార్చి చూడండి. కుదరకపోతే 2.4 బ్యాండ్ వరకు ‘డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, ఏఈఎస్’ ఒక్కటే ఉంచండి. ‘పీఎంఎఫ్’ లేదా ‘ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్’ అనే వరుస ఉంటే అది ‘రిక్వైర్డ్’లో లేకుండా మార్చండి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉన్నంతసేపూ, పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ కూడా పనిచేయదు. డబ్ల్యూపీఏ2కు మార్చాక రూటర్ మీద ఆ బటన్ నొక్కి, 2 నిమిషాల్లోపు ప్రింటర్ మీదా నొక్కితే పాస్‌వర్డ్ కొట్టే పనే ఉండదు.

కొట్టక తప్పకపోతే చిన్న స్క్రీన్ ప్రింటర్ల దగ్గర ఓపిక పట్టాలి. బాణం బటన్లతో ఒక్కో అక్షరానికీ జాబితా మొత్తం తిప్పాలి. పెద్ద ఓ, సున్నా ఆ తెర మీద ఒకేలా ఉంటాయి. చిన్న ఎల్, అంకె 1 కూడా అంతే. పాస్‌వర్డ్‌లో ఇవి ఉంటే మార్చేసుకోవడమే నయం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. మీ ప్రింటర్ మరీ పాతదై డబ్ల్యూఈపీ అనే పాత భద్రతా పద్ధతి తప్ప ఇంకేదీ ఎరగకపోతే దానికోసం ఇంటి వైఫైని ఆ స్థాయికి దించకండి. అది ఎప్పుడో బద్దలైన తాళం. ఆ ప్రింటర్‌ను కేబుల్‌తో వాడుకోండి.

ప్రింటర్ కనెక్ట్ అయింది, కంప్యూటర్‌లో మాత్రం ‘ఆఫ్‌లైన్’

పాత రూటర్ 192.168.0 వరుసలో అడ్రసులు ఇచ్చేది, కొత్తది 192.168.1 వరుసలో ఇస్తోంది అనుకుందాం. కంప్యూటర్ ఇంకా పాత అడ్రస్‌కే ప్రింట్ పంపిస్తోంది, అక్కడ అందుకునేవాళ్లే లేరు. ఒక్కోసారి ప్రింటర్‌లోనే ఎవరో పాత అడ్రస్‌ను చేత్తో పెట్టి ఉంటారు. అలా ఉంటే దాన్ని ఆటోమేటిక్‌కు, అంటే డీహెచ్‌సీపీకి మార్చి, ప్రింటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసి, కాన్ఫిగరేషన్ పేజీ మళ్లీ తీయండి.

ఆ కొత్త అడ్రస్‌ను రూటర్‌లో ‘అడ్రస్ రిజర్వేషన్’ దగ్గర ప్రింటర్ పేరిట ఖాయం చేయండి. దీన్ని వదిలేస్తే కరెంటు పోయి వచ్చిన ఏదో ఒక రోజు అడ్రస్ మారిపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత విండోస్‌లో ‘ప్రింటర్ ప్రాపర్టీస్’ తెరిచి, ‘పోర్ట్స్’లో ‘యాడ్ పోర్ట్’ నొక్కి, ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ ఎంచుకుని కొత్త అడ్రస్ ఇవ్వండి. డ్రైవర్ మళ్లీ వేయక్కర్లేదు. ప్రింటర్ బాగానే ఉన్నా ‘ఆఫ్‌లైన్’ అనే చూపిస్తుంటే అక్కడే ‘కాన్ఫిగర్ పోర్ట్’లో ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ టిక్కు తీసేయండి. ఎస్ఎన్ఎంపీ అంటే ప్రింటర్ ఎలా ఉందని విండోస్ అడిగే పద్ధతి. పాత ప్రింటర్లు ఈ ప్రశ్నకు సరిగా జవాబివ్వకపోతే విండోస్ వాటిని లేనట్టే లెక్కగడుతుంది. ప్రింట్ క్యూ కిటికీలో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ మీద టిక్కు ఉందేమో కూడా చూడండి.

అన్నీ సరిగానే ఉన్నాయి, ఒకదానికొకటి కనిపించవు

ఫైబర్ కంపెనీ పెట్టిన పెట్టెలోనే వైఫై ఉంటుంది. సిగ్నల్ చాలక దానికి మనం ఇంకో రూటర్ తగిలిస్తాం. ప్రింటర్ ఒకదాని మీద, ల్యాప్‌టాప్ ఇంకోదాని మీద ఉంటే అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులు. మన రూటర్‌ను ‘యాక్సెస్ పాయింట్ మోడ్’కు మారిస్తే ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్ అవుతుంది. ప్రింటర్‌ను గెస్ట్ వైఫైలో కలిపినా, వైఫైలోని పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా ఆపే ‘ఏపీ ఐసొలేషన్’ ఆన్‌లో ఉన్నా ఇదే గతి.

ప్రింటర్‌కు వైఫైయే లేదు

వెనక లాన్ పోర్టు ఉంటే అదృష్టమే. కేబుల్‌తో రూటర్‌కు కలిపితే పైన చెప్పిన వైఫై గొడవలేవీ ఉండవు.

యూఎస్‌బీ మాత్రమే ఉన్న కెనాన్ ఎల్‌బీపీ2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 మన ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ బోలెడు. వీటిని రూటర్ వెనక యూఎస్‌బీ పోర్టుకు గుచ్చితే పనవుతుందని ఆశపడకండి. ఆ పోర్టు చాలా రూటర్లలో పెన్‌డ్రైవ్‌ల కోసమే. పైగా ఈ ప్రింటర్లకు పేజీని సిద్ధం చేసి పంపేది కంప్యూటర్‌లోని డ్రైవరే. 1020 అయితే స్విచ్ వేసిన ప్రతిసారీ తన ఫర్మ్‌వేర్‌ను (ప్రింటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను) కూడా కంప్యూటర్ నుంచే ఎక్కించుకోవాలి.

కాబట్టి ఒక కంప్యూటర్‌కు దాన్ని కలిపి, ‘ప్రింటర్ ప్రాపర్టీస్’లో ‘షేరింగ్’ ఆన్ చేయండి. కొత్త రూటర్ రాగానే విండోస్ దాన్ని ‘పబ్లిక్ నెట్‌వర్క్’గా పెట్టి ఉండవచ్చు. అప్పుడు షేరింగ్ ఆగిపోతుంది. రెండు కంప్యూటర్లలోనూ ‘ప్రైవేట్’కు మార్చి, ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ ఆన్ చేయండి. ప్రింటర్ తగిలించిన కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్తే మిగతావాళ్లకు ప్రింట్ రాదు కాబట్టి పవర్ సెట్టింగ్స్‌లో ‘స్లీప్’ను ‘నెవర్’ చేసి ఉంచండి.