గాంబియా ప్రయాణానికి ముందు జాగ్రత్తలు

ఆఫ్రికా ప్రధాన భూభాగంలో అతి చిన్న దేశం గాంబియా. గాంబియా నది వెంట సన్నగా సాగి ఉంటుంది. మూడు వైపులా సెనెగల్, ఒకవైపు అట్లాంటిక్. రాజధాని బంజుల్, కరెన్సీ దలాసి. అధికార భాష ఇంగ్లిష్ కాబట్టి మాటకు ఇబ్బంది ఉండదు.

• అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచండి. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

• మలేరియాను తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ ఎక్కువగా ఉన్నది ప్రాణాంతకమైన ఫాల్సిపరం రకం. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, దోమలు. డాక్టర్‌ని అడిగి మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు ముందే మొదలుపెట్టండి. తిరిగొచ్చాక జ్వరమొస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో చెప్పండి. ఈ ఒక్క మాట ప్రాణం కాపాడవచ్చు.

• వేరుశనగ అలెర్జీ ఉందా? దొమోదా అనే కూర వేరుశనగ ముద్దతోనే చేస్తారు. తినేముందు అడగండి.

• సెనెగల్ మీదుగా వెళ్తుంటే ఆ దేశపు వీసా నిబంధనలు కూడా చూసుకోండి.

• జనాభాలో అత్యధికులు ముస్లింలు. ముందు సలాం, తర్వాతే పని. ఇచ్చిపుచ్చుకోవడం కుడిచేత్తోనే.